ఎడంచేతి వాటం

మంగతాయారు దాన్ని
రొయ్యల మేత సంచిలో చుట్టి తెచ్చింది.
"వలందులదండి. మా మావగారు చెప్పేవోరు.
ఏపాటి పలుకుద్ది?"

నర్సాపురంలో గాజుదేదైనా వలందులదే.
రేవుకే వాళ్ళ పేరున్నప్పుడు
పగిలిన సోడాబుడ్డిక్కూడా ఆ వంశం అంటగట్టొచ్చు.
ముప్పయ్యేళ్ళుగా పాత సామాన్లు కొంటున్నాను,
నా కొట్లో వలందులు రోజుకొకరు దిగుతారు.

జానెడు పూలకూజా.
ముంజె నీళ్ళలో చిటికెడు పసుపు వేస్తే వచ్చే రంగు.
నడుం దగ్గర మెలితిరిగిన చారలు,
అంచు మాత్రం ఎండకు వాడిన తమలపాకులా ముడుచుకుని.

తిరగేశాను.
పేరు లేదు. అంకె లేదు.
చీటీ అంటించిన జిగురు మరకైనా లేదు.
అడుగున నట్టనడుమ చిన్న గరుకు,
ఇనప ఊచ నుంచి విరిచి తీసిన చోటు,
బొడ్డు ఊడిన పసిపొట్టలా.
అతుకు గీత లేదు కాబట్టి అచ్చులో పోసింది కాదు,
ఎవరో ఊపిరి ఊది చేసిందే.
భూతద్దంలో ఒక బుడగ, నువ్వుగింజంత,
లోపల ఆ ఊపిరే ఇంకా ఉందేమో.
అడుగంచు చుట్టూ సన్నటి గీతలు
తలో దిక్కుకీ పోయాయి.
పాతదిగా కనపడాలని రుద్దినవాడు ఒకే వైపు రుద్దుతాడు.
ఇవి బల్లల మీద జరిగి జరిగి పడ్డవి.

పక్క బంగారం తాకట్టు కొట్లోంచి ఏసుబాబు
దొంగనోట్లు పట్టే నీలం దీపం పట్టుకొచ్చాడు.
షట్టరు సగం దించాం.
కూజా వెలిగింది,
నారుమడి మీద తొలిపొద్దు పడ్డంత పచ్చగా.
ఏసుబాబు ఫోను తీశాడు.
మంగతాయారు దణ్ణం పెట్టబోయి ఆగింది.

యురేనియం అన్నాను. భయం లేదని కూడా అన్నాను.
వలందులు ఈ ఊరు ఇంగ్లీషోళ్ళకి అప్పజెప్పి పోయిన
కొన్నేళ్ళకి గానీ ఈ పచ్చ గాజులోకి దిగలేదమ్మా.
"అయితే మావగారు అబద్ధం చెప్పారంటారా?"
"లేదు. ఆయనకెవరో చెప్పారు."

బొహీమియా కావచ్చు. ఇంగ్లండు కావచ్చు.
ఏ దొరసాని పెట్టెలోనో
చలి గుడ్డల మధ్య ఈ ఉక్కలోకి వచ్చి ఉండొచ్చు.
కావచ్చు, ఉండొచ్చు,
నా కొట్టంతా ఈ రెండు మాటల మీదే నడుస్తుంది.
చిట్టాలో చేసినవారి గడిలో
పెన్సిలుతో ప్రశ్నగుర్తు పెట్టాను.

అప్పుడావిడ కూజా అందుకుని
చారల వెంట బొటనవేలు నడిపింది.
నలభయ్యేళ్ళు లేసు అల్లిన వేలు,
కొక్కెం సూది తొలిచిన గాడి ఇంకా దాని మీద ఉంది.
"ఎడంచేతోడి పనండిది."
"ఎలాగ?"
"మెలిక చూడండి. మా అందరికీ పువ్వు ఒకేపు తిరుగుద్ది.
మా పేటలో రత్నమ్మకి తిరగేసి పోద్ది, దానిది ఎడంచెయ్యి.
ఏజెంటు వంద ముక్కలు కట్టలో కలిపేసినా
దాని ముక్క చీకట్లో తీసేత్తాను.
మా వాటి మీదా పేర్లుండవు కదండీ."

నా పుస్తకాల్లో దీన్ని ఆధారం అనరు.
కుడిచేతివాడు ఊచ అటు తిప్పినా
మెలిక అటే పడుతుంది.
ఆ మాట నోటిదాకా వచ్చింది.
కానీ ఎక్కడో ఓ కొలిమి ముందు
కనుబొమ్మలు కాలిన మనిషొకడు
అప్పటికే నిలబడి ఉన్నాడు నాకు.
ఎడంచేత్తో ఊచ తిప్పుతున్నాడు,
పక్కవాడు మోచెయ్యి తగిలి తిడుతున్నాడు.

ఎంతిస్తారంది. చెప్పాను.
వలందులదైతే ఎంతిచ్చేవోరంది. అదీ చెప్పాను.
కాసేపు వేళ్ళ మీద లెక్కేసుకుని
కూజాని మళ్ళీ సంచిలో చుట్టింది.
"ఓసారి రత్నమ్మకి చూపించి తెత్తానండి."

అది బుధవారం.
ఏసుబాబు దీపం ఇంకా నా బల్ల మీదే ఉంది.