ఏడు నొక్కితే జమ్మికుంట

స్టేషన్ రోడ్డు ఆఫీసుల, మెట్ల కింద,
ఎక్స్ఛేంజి డబ్బా మూత తీసిన.
రెండు బల్లిగుడ్డు పెంకులు,
ఎవరో దాచి మరిచిన బీడీ కట్ట,
ఎరుపు తెలుపు జంటతీగల చిక్కు.
ఒక్కో జంటకు ఒక అట్టముక్క చీటీ:
తూకం, గోదాం, క్యాషు, సేటు గది.
అక్షరాలన్నీ ఎలీశమ్మవి.
పందొమ్మిదేండ్ల సంది ఆమెకు తెల్వకుండ
ఈ గోడల్ల ఒక్క మాట నడువలేదు.

జమ్మికుంట జిన్నింగు మిల్లుకు ఫోనంటే
ముందు ఆమెకు చెప్పాలె.
ఆమె బయటి లైను పట్టాలె,
నోటుబుక్కుల పేరు రాయాలె, నిమిషాలు రాయాలె,
"జెర ఆగుండ్రి" అనాలె.
ఆ ఆగుట్లనే సగం బేరాలు మెత్తబడ్డయని
గుమస్తా నవ్వుతడు.

నేను తెచ్చింది అరచేయంత పెట్టె.
ఇక్కడొకటి, అక్కడొకటి.
పాత ఎక్స్ఛేంజికి నేను నీ లైనునే అంటది,
ఇంటర్నెట్టుకు నేను నీ కంప్యూటరునే అంటది,
ఇద్దరికీ చెరో అబద్ధం చెప్పి కలిపే
పెండ్లిళ్ల పేరయ్య.
మాటను సన్నగ తరిగి
ముక్క ముక్కకు చిరునామా అతికించి తోలుతది.
రైలైతే కాజీపేటల మలుగుతది.
ఈ ముక్కలు హైదరాబాదు పోయి మళ్లినయో,
ఇంకే సముద్రం చూసొచ్చినయో
నాకూ తెల్వదు.

ఏడు నొక్కిన. ఇరవై మూడు.
"హలో, ఓదెలన్నా?"
హలో ఓదెలన్నా అని నా గొంతే
అర సెకను ఆలస్యంగ నాకే ఎదురొచ్చింది,
బాయిలకు తొంగి పిలిచినట్టు.
పొద్దుగూకే దాక ఆ మారుగొంతును చెరుపుతనే ఉన్న.

మేనేజరు రామగిరి సారుకు బిల్లు భయం.
"మాట్లాడనప్పుడు ఏం పంపుడయ్యా? ఆపెయ్."
దానికో గడి ఉన్నది. టిక్కు పెట్టిన.
గొంతు లేస్తే తొవ్వ తెరుచుకుంటది,
గొంతు ఆగితే మూసుకుంటది.
"లైను సచ్చిందా?" ఓదెలు, మూడు మార్లు.
దానికీ మందున్నది:
సుయ్యిమని ఉత్తుత్తి చప్పుడొకటి
ఈ పెట్టెనే పుట్టిస్తది,
అవతల మనిషున్నడన్న ధైర్యానికి.

ఎలీశమ్మ రిసీవరు చెవికి పెట్టుకొని
చానాసేపు విన్నది. దించింది.
"ఇది జమ్మికుంట కాదు బిడ్డా."
"అదేనమ్మా."
"మిల్లు నడుస్తుంటే ఎనుక గర్రుమంటది.
వానొస్తే రేకుల మీద ముందు నాకే ఇనవడుతది.
ఓదెలు లెక్కల మునిగి ఉంటడు,
పత్తి మీద పరదలు కప్పుమని నేనే అంట.
పోయినేడు అట్లనే రెండు లారీల సరుకు..."
ఆగిపోయింది.
బుక్కు దిక్కు చూడలేదు.
అది బుక్కుల రాసే సంగతి కాదు.

రాత్రి ఎనిమిదికి, సారు పోయినంక,
ఆ ఒక్క గడిల టిక్కు తీసేసిన.
నెలకు కొంత ఎక్కువ పడుతది. పడనీ.
రేపటి సంది ఎవరికి వాళ్లే నొక్కుకుంటరు.
నోటుబుక్కుల నలభై పేజీలు తెల్లగనే మిగిలినయి.
ఒక పేజీ అట్టను చింపి ఆమె
కొత్త తీగకు చీటీ రాసి కట్టింది: జమ్మికుంట.
జ కు కొమ్ము కొంచెం వణికింది.

మల్ల ఏడు. మల్ల ఇరవై మూడు.
స్పీకరు పెట్టిన.
వాచ్‌మన్ ఎత్తి, హలో అనక ముందే దగ్గిండు.
దగ్గు ఎనుక కుక్క.
కుక్క ఎనుక ఏదో ఇనుప తలుపు
ఆగి ఆగి కొట్టుకుంటున్నది.

ఎలీశమ్మ సంచి భుజానికేసుకున్నది.
"గాలి లేసింది. పరదలు చూసుకొమ్మను."

చెప్పిన.