మణికట్టు

కైరోలో మా కొండకింది పేటకి వస్తే
మనుషులకంటే ముందు వాసన ఎదురొస్తుంది.
నగరం తిని, తాగి, విసిరేసిందంతా
తెల్లారేసరికి నాన్న బండిలో మా గుమ్మం చేరుతుంది.
అమ్మా నేనూ వాకిట్లో బాసింపట్టు వేసుక్కూచుని
సీసాలు ఇటు, అట్టముక్కలు అటు,
ఎండిన రొట్టె పందులకి.
ఒక్కోసారి చెత్తలో ఎవరిదో పెళ్ళి ఫోటో.
అది మాత్రం ఎటు వెయ్యాలో తెలిసేది కాదు.

నా ఆరో ఏట, మరియమ్మ తిరునాళ్ళలో
బఖూమ్ తాత కరెంటు సూది పట్టుకుని
నా కుడి మణికట్టు లోపలివైపు
బియ్యపుగింజంత సిలువ పొడిచాడు.
ఊరు దద్దరిల్లేలా ఏడ్చాను.
అమ్మ నా నోట్లో నువ్వుజీడి కుక్కి
"అయిపోయింది తల్లీ, అయిపోయింది" అంది.
అయిపోలేదు. అప్పుడే మొదలైంది.

పద్దెనిమిదో ఏట కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో పని దొరికింది.
మూడుసార్లు సబ్బు రుద్దుకుని మెట్రో ఎక్కాను.
అయినా పక్కనున్న పిల్ల
దుపట్టా అంచు ముక్కుమీదికి లాక్కుంది.
తప్పు ఆమెది కాదు. మా వాసన మాకు తెలియదు,
ఇతరుల ముఖాల్లో చదువుకుంటాం, అంతే.
నేను చొక్కా చేతులు కిందికి లాక్కున్నాను,
వేళ్ళ కణుపులదాకా.

"ఎక్కడుంటావ్?" అంది సూపర్‌వైజర్ సఫీనాజ్ మేడమ్.
నైలు ఒడ్డున ఉన్న ఓ మంచి పేట పేరు చెప్పాను.
మర్నాడు ఇంకెవరో అడిగారు. అదే పేరు చెప్పాను.
మూడోసారి ఎవరూ అడక్కుండానే చెప్పాను.
కోడి కూయలేదు.
రోడ్డుమీద మినీబస్సు హారన్ మాత్రం
చాలాసేపు మోగింది.

మా గుడి కొండ కడుపులో ఉంటుంది.
రాతిమెట్ల మీద వేలమంది,
అందరం ఒకే వాసన,
అక్కడ ఎవరూ ముక్కు మూసుకోరు.
ఆ గురువారం వెనకవరసలో, స్తంభం చాటున కూర్చున్నాను.
వీసా ఫాదర్‌కి జలుబు, గొంతు సరిగా లేదు.
సమాధి ఖాళీ అయ్యాక సంగతి చెబుతున్నాడు:
తలుపులు బిగించుకుని వణుకుతున్న స్నేహితుల మధ్యకి
ఆయన వచ్చి నిలబడ్డాడట.
నువ్వేనా అని నమ్మలేక చూస్తే
ఊరు చెప్పలేదు, తండ్రి పేరు చెప్పలేదు,
చేతులు చాపి చూపించాడు.

ఫాదర్ తుమ్మి, ముక్కు తుడుచుకుని, ఇంకేదో చెప్పాడు.
నాకు వినబడలేదు.
చావునే గెలిచొచ్చినవాడికి
ఆ మేకుల బెజ్జాలు పూడ్చుకోవడం ఎంతపని?
ఎందుకు ఉంచుకున్నాడు?
నా చేతులు చూసుకున్నాను:
గాజుపెంకు కోత, ఆసుపత్రి సూది గుచ్చుకున్న మచ్చ,
బ్యాటరీ ఆమ్లం కాల్చిన తెల్లటి గీత.
వాటిని చూసి సిగ్గుపడకపోవడం
అదే మొదటిసారి.

అలాగని మర్నాడే సింహాన్నైపోయాననుకోకండి.
ఇంకో నెల ఆ అబద్ధంలోనే కాపురమున్నాను.

ఒక మధ్యాహ్నం మిషను సూది చూపుడువేల్లోంచి దిగబడింది.
సఫీనాజ్ మేడమ్ పరిగెత్తుకొచ్చి
నా చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచి
కుళాయి కింద పెట్టింది.
నీళ్ళు. నెత్తురు. సిలువ.
ఆమె చూసింది. నేను చూశానని కూడా చూసింది.
"ఇన్ని కోతలేమిటే, పిల్లా?"
"కొండకింది పేట మాది. చెత్త ఏరతాం.
నా పేరు మొహ్రాయిల్. మోనా కాదు."
అన్నీ ఒక్క ఊపిరిలో బయటపడ్డాయి.
ఆమె తన తలగుడ్డ పిన్ను నోట కరిచి పట్టుకుని
వేలికి బట్ట చుట్టింది.
"గట్టిగా నొక్కి పట్టుకో" అంది.
అంతకుమించి ఏమీ అనలేదు.

సాయంత్రం ఇంటికొస్తే
బండి ఇంకా దించలేదు.
నాన్న నులకమంచం మీద నోరు తెరిచి నిద్రపోతున్నాడు,
కుడిచెయ్యి కిందికి వేలాడుతూ.
ఆయన సిలువ అరిగి, పచ్చబడి,
మురికి కింద నరంలా కనిపిస్తోంది.
చీకటి పడకముందే కాస్తయినా ఏరాలని
గుడ్డ చుట్టిన వేలు పైకెత్తి పెట్టుకుని
చొక్కా చేతులు మడిచి
వాకిట్లో కూర్చున్నాను.