నీకూ అంతేనా

పార్సిల్లో వచ్చినవి రెండు నల్లటి బిళ్లలు,
మేకులు కనపడవు, చుట్టిన రాగితీగ కనపడదు.
పాతవాటికి తిండీ తిప్పలూ అక్కర్లేదు.
వీటికి మాత్రం తొమ్మిది వోల్టుల బ్యాటరీ కావాలి,
చంటిపిల్లకి పాలపీకలాగా.

రాత్రి షిఫ్టు దిగి, వెంట్రుకల్లోంచి రాతిపొడి కడుక్కుని
గిటారును దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టాను.
పాత వాల్యూం బిరడాలు పీకేసి
పెట్టెలో ఇచ్చిన ఇరవై అయిదు కే బిగించాను.
మూడుకాళ్ల జాకు. ఎర్ర తీగ, నల్ల తీగ, తెల్ల తీగ.
టంకం పొగకి మా ఆడమనిషి మూడుసార్లు దగ్గి
తలుపేసుకుంది.

మీటాను.
దిగుడుబావిలో ఎవరో
దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు.
ఆంపు పదికి తిప్పినా అంతే.

ముందు నాకు గుర్తొచ్చింది తీగలు కాదు, చెవులు.

పద్దెనిమిదేళ్లు చీమకుర్తి క్వారీలో
కంప్రెసర్ పక్కన నిలబడ్డ చెవులు.
నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయని
ఎక్కడెక్కడి దేశాలోళ్లో కొనుక్కుపోతారు;
దాన్ని కొండలోంచి విడదీసేటప్పుడు వచ్చే మోత
ఎవరూ కొనరు. అది మా దగ్గరే ఉండిపోద్ది.

పోయిన ఎండాకాలం ఒంగోల్లో
అద్దాల గదిలో కూర్చోబెట్టి
"కూత వినపడగానే చెయ్యెత్తు" అన్నాడు డాక్టరు.
నేను ఎదురుచూస్తా కూర్చున్నాను.
కాసేపటికి ఆయనే తలుపు తీసి
అయిపోయిందన్నాడు.
కాగితం మీద గీత కుడిపక్క
క్వారీ గోడలాగా నిట్టనిలువునా దిగింది.
ఆ కాగితం రేషన్ కార్డు కవర్లో ఉంది. ఎవరికీ చూపించలా.

అందుకే ఇంట్లో అడగలేను,
నీకెట్టా వినపడతా ఉంది అని.
బ్యాటరీ నాలిక మీద పెట్టాను, చురుక్కుమంది.
వైరు మార్చాను. బిళ్లల్ని తీగల దాకా పైకి లేపాను.
టంకం చుక్కలన్నీ మళ్లీ కరగబెట్టాను.
అప్పటికి కోడి కూసే ఉంటది.

పొద్దున్నే బస్టాండు పక్కన కాశింపీరా కొట్టు.
మిక్సీలు, సెల్‌ఫోన్లు, ఉర్సుకి అద్దెకిచ్చే మైకుసెట్లు.
గిటారు లోపల ఎప్పుడూ చూడలేదన్నాడు.
"అది తర్వాత చూడు. ముందు విను" అన్నాను.
మీటాను.
"నీకెట్టా ఉంది?"
"సన్నగా ఉందన్నా. చచ్చిన దోమలాగా."
"ఇంకోసారి చెప్పు."
"సన్నగా ఉంది అంటున్నా గదా!"

నేను నవ్వాను.
పదిహేను వేల సామాను పనిచెయ్యట్లేదంటే
నవ్వే మనిషిని నిన్నే చూశానన్నాడు.

మీటరు పెట్టాడు. బ్యాటరీ దగ్గర తొమ్మిది.
బిళ్ల దగ్గర సున్నా.
ప్లగ్గు దూర్చాడు, తీశాడు, మళ్లీ దూర్చాడు,
జాకు మూడో కాలుకి పైనున్న రేకును
గోటితో అట్టా నొక్కాడు.
ముల్లు ఎగిరి తొమ్మిది మీద కూర్చుంది.
వెంట్రుకవాసి ఎడం. ప్లగ్గు లోపలికెళ్లినా
రేకు దాన్ని ముట్టుకోవట్లా.
పట్టకారుతో కొంచెం వంచాడు.
టీ డబ్బులు కూడా తీసుకోలా.

ఈసారి మీటితే
కొట్టు షట్టరు గజగజలాడింది,
వేలాడే చార్జర్లన్నీ ఊగినయ్యి,
బస్సు కోసం నిలబడ్డ ముసలామె కొంగుతో చెవి మూసుకుంది.
నాకు పొట్టలో తెలిసింది, మోకాళ్లలో తెలిసింది.

తీగలు అరచేత్తో ఆపాను.

"ఆంపు పదిలోనే ఉంచావా? ఉస్సుమంటుందన్నా" అన్నాడు కాశింపీరా.

"అవునవును" అన్నాను.
బిరడా మెల్లిగా వెనక్కి తిప్పుతా
ఎక్కడ ఆపాలో తెలియడానికి
అతని మొహమే చూస్తా ఉన్నాను.