కిటికీ పక్క వరస

ఫిర్యాదు ఒక్క వాక్యమే:
"కుర్చీ వెనక్కి జరిపితే నేల టక్కుమంటోంది."
కింద పేరు, ఫెంకె హోక్‌స్త్రా, పరిహారాల విభాగం,
పదకొండో అంతస్తు.

రాత్రి ఏడు దాటాక వెళ్ళాను.
రొటర్‌డామ్‌లో ఆ పేట సముద్రం కన్నా ఆరు మీటర్ల పల్లం.
పంపులు తిరుగుతున్నంత కాలం
అక్కడెవరూ నీళ్ళ ఊసెత్తరు.
లిఫ్టులో నేనూ, నా సంచీ.
సంచిలో సక్షన్ కప్పుల పిడి, రసమట్టం, నూనె సీసా,
మొక్కజొన్నా చిక్కుడూ ఉడికించిన కచూపా ఒక డబ్బాడు.

తివాచీ ముక్క లేపి
పలక మీద కప్పులు నొక్కి లాగితే
పాల మీద మీగడలా రాదు,
పంటి డాక్టరు చేతికి దంతం వచ్చినట్టు వస్తుంది
ఓ మూలుగు మూలిగి.

కింద జానెడు చీకటి.
ఓడల కంపెనీ నాటి బూడిదరంగు తీగలు,
వాటి మీద టికెట్ల కంపెనీ నీలం తీగలు,
వాటి మీద ఇప్పటి పసుపువి.
చచ్చినవాటిని ఎవరూ తియ్యరు.
బతికినవి వాటి మీదే పడుకుంటాయి.
ఒక పెన్ను మూత. ఒక బాదం పప్పు.
టార్చి పారినంత మేరా ఇనుపకాళ్ళు,
ఒక్కో కాలి నెత్తిన నాలుగు పలకల మూలలు.

ఈ అంతస్తు వేసింది మేమే.
అప్పుడు నాకు ఇరవై రెండు,
షూర్ట్ మేస్త్రీకి యాభై ఎనిమిది.
ఓడల్లో పనిచేసిన మా నాన్న
నేను నేర్చుకునే పనేమిటో విని నవ్వాడు:
"కింద ఖాళీ ఉంటే దాన్ని నేల అనరురా, డెక్కంటారు."

షూర్ట్‌కి నవ్వు తక్కువ.
"మర తిప్పాలి అదెరితూ, మరే తిప్పాలి.
అట్టముక్క దోపావో, చేతులు విరుస్తా.
అట్ట చెమ్మ పీలుస్తుంది, ఎండుతుంది, అణిగిపోతుంది.
మొదటిరోజు మాత్రం అబద్ధం లాగే
అన్నిటికన్నా సరిగ్గా ఉంటుంది."
నేను దోపిన ఒక్క ముక్క కోసం
నలభై పలకలు విప్పించాడు
శుక్రవారం సాయంత్రం
అందరూ ఫుట్‌బాల్‌కి పోయాక.

బోర్లా పడుకుని టార్చి దగ్గరగా పెట్టాను.
నాలుగో కాలి తల మీద
మడిచిన అట్ట.
నాది కాదు.
నీలం. అంచున సగం తెరచాప.
ఆ పడవ బొమ్మ పొగాకు
మా ముఠాలో ఒక్కడే చుట్టేవాడు.

చాలాసేపు అలాగే ఉన్నాను.
పక్క గదిలో ఎవరో వాక్యూమ్ తిప్పుతున్నారు.
కోపం రావాలి కదా, నలభై పలకల కోపం,
ఎంత వెతికినా దొరకలేదు.

అట్ట తీసి మర పట్టుకుంటే కదల్లేదు.
నూనె పోశాను, ఆగాను, మళ్ళీ పట్టాను.
అరచెయ్యి ఎర్రబడ్డాక
తుప్పు కరుచుకున్నంత గట్టిగా ఒక చుట్టు,
ఆ తరవాత సగం.
కొత్తదైనప్పుడే వంకరగా ఎక్కిన మర అది.
ఆఖరి వారం షూర్ట్‌కి వేళ్ళు ముడుచుకునేవి కావు.
వంగినవాడు లేవాలంటే
నా భుజం అడిగేవాడు కాదు,
కిటికీ చట్రం పట్టుకునేవాడు.
ఇది కిటికీ పక్క వరస.

రసమట్టంలో బుడగ
అటు ఓసారి, ఇటు ఓసారి పోయి
నడుమ కూర్చుంది.

అట్టని జేబులో వేసుకున్నాను.
ఎందుకో మళ్ళీ తీసి
చచ్చిన తీగల మధ్య, బాదం పప్పు పక్కన పెట్టాను.
పలక మూసి, తివాచీ పరిచి,
ఫెంకె కుర్చీలో కూర్చుని వెనక్కి జరిగి చూశాను.
వాక్యూమ్ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

అక్కడే నేల మీద చతికిలబడి
చల్లారిన కచూపా తిన్నాను.
కింద రోడ్డు మీద ఆఖరి ట్రాములు.
డబ్బా మూసి లేవబోతూ చూసుకున్నాను,
నా చెయ్యి
కిటికీ చట్రం మీద ఉంది.