నల్లముద్ద కింద

డబ్బా అరచేతిలో ఇముడుతుంది.
పిర్కో దాన్ని ఉన్ని టోపీలో చుట్టి తెచ్చింది.
టాంపెరెలో ఆ ఉదయం మైనస్ పందొమ్మిది.
"ఉన్నట్టుండి మూగబోయింది, తైస్తో.
ఓవర్‌డ్రైవ్ లేకపోతే నా గిటారు
పత్యం తింటున్నట్టుంది," అంది.

నాలుగు వందల ఇరవై యూరోలు.
బడి వంటశాలలో రోజూ ఆరువందల పళ్ళేలకి
బఠాణీ సూపు పోసే చేయి
నెలకింత చొప్పున ఏడాదిపాటు దాచిన డబ్బు.

నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసినవాణ్ణి,
ధర చెప్పి నన్ను భయపెట్టలేరు.
నాలుగు మరలు విప్పాను.
లోపల
తారులాంటి నల్లముద్ద.
దారి ఎవరికీ తెలియకూడదని
తయారుచేసినవాడు పోసిన రాత్రి.

వేడిగాలి, చెక్కపుల్ల, ఓపిక.
మూడు సాయంత్రాలు గీకాను.
బయటపడ్డదేమిటి?
ముప్పై సెంట్ల చిప్పు ఒకటి.
తరంగం తలెత్తిన చోటల్లా
నున్నగా కత్తిరించే డయోడ్లు రెండు.
నా కుర్రతనంలో ప్రతి చవక డబ్బాలోనూ ఉన్న
అదే దారి, అవే మలుపులు.
కాగితం మీద కూడాను:
పదకొండు యూరోలు, చిల్లర.

కోపం వచ్చింది.
కందకు లేని దురద కత్తిపీటకెందుకని
నన్ను నేనే కసురుకుని
కాఫీ పెట్టుకున్నాను.

రెండో కప్పు తర్వాత భూతద్దం తీశాను.
రెసిస్టర్ల రంగుచారలన్నీ ఒకేవైపు తిరిగున్నాయి,
ఎవరూ చూడని ఆ చీకట్లో
వరుస తప్పకుండా నాటిన నారులా.
ఒక్కచోట మాత్రం రెండింటిని జంటగా అతికించాడు.
కొలిచాను.
ఏ కేటలాగులోనూ దొరకని అంకె.
అంటే ఒకటి పెట్టి విన్నాడు, చాల్లేదు.
మార్చి విన్నాడు, ఎక్కువైంది.
ఏ ఊళ్ళోనో, ఏ అర్ధరాత్రో,
చారులో ఉప్పు చూసినట్టు చూశాడు.

ఆ తేడా నాకు వినబడిందా?
లేదు.
నా చెవులకి డెబ్బై ఒకటి,
సాక్ష్యానికి పనికిరావు.

ఇంతకీ చెడిపోయింది జాక్ దగ్గర ఒక తీగ.
అతుకు ఊడింది.
ముద్ద అంటని చోట, రెండు నిమిషాల పని.

శనివారం పిర్కో గిటారు తెచ్చింది.
ఆమె గోడవైపు తిరిగి వాయిస్తుంటే
నేను మార్చి మార్చి తొక్కాను
దాన్నీ, పాత సామాన్ల సంతలో ముప్పైకి కొన్న
నా సొట్టల డబ్బానీ.
ఐదుసార్లలో మూడుసార్లు సరిగ్గా చెప్పింది.
"బొమ్మా బొరుసూ వేసినా అంతే," అన్నాను.
అలుగుతుందనుకున్నాను. నవ్వింది.
"చవకది ఉన్నప్పుడు ఆదివారాలే వాయించేదాన్ని.
ఇంత పోసి కొన్నాక
ఊరికే కూర్చుంటే నేరం చేసినట్టుంటుంది.
రోజూ వాయిస్తున్నాను."

నిజమే.
తీగ సాగదీస్తే నిరుడు జారిపోయిన స్వరం
ఇప్పుడు పైన నిలబడుతోంది, కొంచెం వణికినా.
ఆ ఘనత డబ్బాదా, వేలిదా, పోసిన డబ్బుదా?
నా బల్లమీద ఉన్న మీటర్లు మూడు.
ఏదీ దాన్ని కొలవదు.

"ముద్ద మళ్ళీ పోసెయ్యి," అంది కోటు వేసుకుంటూ.
"ఎందుకు? లోపలేముందో తెలిసిపోయిందిగా."
"నీకు తెలిసింది. నాకు చెప్పకు."

జిగురు గొట్టం పన్నెండు యూరోల తొంభై.
లోపలి సామానంతటికంటే మూతే ఖరీదు.
గరిటెతో కాక, అగ్గిపుల్లతో,
బొట్టుబొట్టుగా కప్పాను.
జంట రెసిస్టర్లని చివర్న ముంచాను.

మంగళవారం బిల్లు రాయబోయాను.
తీగ అతుకు: ఐదు.
జిగురు: పన్నెండు తొంభై.
ఆమె అడగకుండానే
నా దురదకి గీకిన సాయంత్రాలు: మూడు.
అక్కడ కలం ఆగింది.
వినడానికి ఎంత వేస్తారు?
గంటకా? చెవికా?

పిర్కో గ్లవుజులు తీసి, పర్సు తెరిచి
ఎంతైనా సరే అన్నట్టు
ఎదురుగా నిలబడి ఉంది.