రెండొందల మైక్రాన్లు

ఆకాశానికీ కాప్సికం మొక్కకూ మధ్య
ఉండేది ఇంతే మందం.
ఎంతుంటాదో సూద్దామని పెన్నోబులక్క
కోసి పారేసిన ముక్కను వేళ్ల నడుమ నలిపింది.
"ఉల్లిపొర కన్నా పల్సన గదప్పా,
దీనికా అంత అప్పు!"

బెళుగుప్ప దిన్నె మీద మా అరెకరా
ఎవరో ఆరేసి మర్చిపోయిన పంచె మాదిరి
దూరానికే మెరుస్తాంటాది.
రెండు తలుపులు.
ఒకటి మూసినాకనే ఇంకోటి తెరవాల.
చెప్పులిడిసి ఊదారంగు మందునీళ్లలో పాదాలు ముంచాల.
మొదటి దినం అక్క గడపకు మొక్కి లోపలికొచ్చింది.

బయట నలబై రెండు.
పొగమంచు గొట్టాలు ఇడిస్తే లోపల ముప్పై నాలుగు.
"నా బిడ్డల్ని గూడా ఇట్ల సాకలా" అంటాది
మొక్క నడుముకు దారం కడతా.

ఇరవై ఏండ్లు శెనక్కాయ ఇత్తి
మొగం పైకెత్తుకోని బతికినోళ్లం.
మబ్బు ఎటు పోతే అటు తిరిగిన మెడలు.
ఇప్పుడు పైకి సూసే పని లేదు,
నీళ్లు బొట్టు లెక్కన వస్తాయి,
లెక్క తప్పితే ఫోను మూలుగుతాది.

గాలి ఒకటే మాట ఇనదు.
కొండ మీద మరల్ని తిప్పేదీ
మా కప్పును జుట్టు పట్టి పెరికేదీ అదే.
పోయిన ఆషాడంలో తూరుపు పక్క చినిగింది.
నిచ్చెనెక్కి టేపు అంటించినా,
కింద నుంచి అక్క
పాత చీరకు మాసికేసే ఒడుపు చెప్పింది.

నిన్న మాపటేల, ఈ ఏటి తొలివాన.
మేం లోపలే ఉన్నాం.
ముందు చేటలో కొర్రలు పోసినట్ల,
ఆమీట మాట మాటకు ఇనపడనంత.
అక్క రెండు చేతులూ చాపింది.
ఒక్క చుక్క పడలా.
"నెత్తిమీదే పడతాండాది,
మనకు తగల్లేదే!"

"కప్పు నీళ్లన్నీ గుంతకు పోతాయి లేక్కా,
రేపు గొట్టాల్లో వచ్చేవి అవే"
లెక్క చెప్పినా.
"తెల్సు లేప్పా" అనింది, చేతులు దించకుండా.

పందొమ్మిదో సాలు కాడ
మాసిక ఊడింది.
సన్నగా ఒక ధార, సాళ్ల నడుమ ఎర్రమన్ను మీద.
తెగులు, బూజు, బ్యాంకు కంతు
అన్నీ ఒక్కపారి మతికొచ్చి
నిచ్చెనకు ఉరికినా.

వచ్చేసరికి
అక్క ఆ ధార కింద కండ్లు మూసుకోని నిలబడింది.
మూడేండ్లలో ఎప్పుడూ రాని వాసన
లోపలంతా.

"రోంతసేపు ఉండనీప్పా."

నిచ్చెన ఇంకా నా భుజం మీదే ఉండాది.