గీత పడ్డ గ్లాసు

కాజీపేట డీజిల్ షెడ్డు ఎదురుంగ
పర్మిట్ రూముల మూల టేబులు.
సారంగపాణి పోస్తే రెండు వేళ్ల మందం నురుగు నిలుస్తది.
నా గ్లాసుకు సబ్బు పోలే,
ఉస్సుమని కూలింది.

"ఇగో సూడు" అన్నడు.
అడుగున సన్నటి గీత,
ఆడికెల్లి గూడ్సు డబ్బాల తీరు
ఒకటెంబడి ఒకటి బుడగలు,
పైకి పోను పోను లావైతున్నయి.
"నున్నటి గాజు మీద బుడగ పుట్టది.
గీతల ఇంత గాలి దాగుంటది, అదే విత్తు."

ముప్పై ఏండ్లు బ్రేకు గొట్టాల గాలి పట్టిన చెయ్యి,
సగం వేలు లేదు.

మిర్చి తిన్న మూతితోని గుటకేసిన.
నూనె తాకి వాని నురుగు లెక్క నాదెందుకుంటది!
చిన్నయిటి గాలి పెద్దయిటికే పోతున్నది,
ఎన్నటి లెక్కనే.

బయట కూత.
"రామగుండం బొగ్గు బండి" అన్నడు
గ్లాసు మీదికెల్లి కన్ను తియ్యకుంట.